రాయబారుల పుస్తకాలూ, రామవ్వ గుడిసే

1

హైదరాబాదు సంస్థానం, ఇండియన్ యూనియన్ - ఈ రెండూ 1947 ఆగస్టు 15 తర్వాత పదమూడు నెలలపాటు ఒకదాన్నొకటి అనుమానించుకుంటూ బతికిన పొరుగు రాజ్యాలు. హైదరాబాదును వేరే దేశంగా యూనియన్ ఏనాడూ ఒప్పుకోలేదు. నిజాం మాత్రం తాను సర్వస్వతంత్రుడినన్నాడు. ఒప్పుకున్నా ఒప్పుకోకున్నా వ్యవహారమంతా రెండు దేశాల మధ్య జరిగినట్టే జరిగింది. 1947 నవంబరు 29న ఏడాది కాలానికి యథాతథ ఒడంబడిక కుదిరింది. యూనియన్ ఏజెంట్ జనరల్‌గా కె.ఎం. మున్షీ హైదరాబాదు వచ్చాడు. నిజాం తరఫున జైన్ యార్ జంగ్ ఢిల్లీలో కూర్చున్నాడు. పాకిస్తాన్‌కు నిజాం ప్రభుత్వం ఇవ్వజూపిన 20 కోట్ల రూపాయల అప్పు, సంస్థానంలో భారత కరెన్సీ చెలామణీ మీద ఆంక్షలు, యూనియన్ పెట్టిన సరుకుల దిగ్బంధం, సరిహద్దు దాడులు - ఇట్లా ఫిర్యాదు మీద ఫిర్యాదు పేరుకుపోయింది. చివరికి హైదరాబాదు ప్రభుత్వం భద్రతా మండలికి మొరపెట్టుకుంది. పారిస్‌లో మండలి ఆ మొర విన్నది 1948 సెప్టెంబరు 16న. అప్పటికి యూనియన్ సైన్యం సంస్థానంలో అడుగుపెట్టి మూడు రోజులైంది. 17న నిజాం లొంగిపోయాడు.

ఈ కథను ఇరుపక్షాల ముఖ్యులూ రాసుకున్నారు. మున్షీ పుస్తకం ‘ది ఎండ్ ఆఫ్ యాన్ ఎరా’ 1957లో వచ్చింది. నిజాం ఆఖరి ప్రధానమంత్రి మీర్ లాయక్ అలీ పుస్తకం ‘ట్రాజెడీ ఆఫ్ హైదరాబాద్’ 1962లో వచ్చింది. ఒకరు గెలిచిన పక్షం, ఒకరు ఓడిన పక్షం. గృహనిర్బంధం నుంచి 1950లో తప్పించుకుని పాకిస్తాన్ చేరిన మనిషి రాసిన పుస్తకంలో దుఃఖముంది. మున్షీ పుస్తకంలో పని ముగించిన తృప్తి ఉంది. ఈ తేడాను చాలామంది గుర్తించారు. నేను చెప్పదలచుకున్నది ఆ రెంటికీ ఉన్న పోలిక గురించి.

మున్షీ గుజరాతీలో పేరుమోసిన చారిత్రక నవలాకారుడు. రాజులు, మంత్రులు, కుట్రలు ఆయన నవలలకు ముడిసరుకు. హైదరాబాదును కూడా ఆయన దర్బారు నవలగానే చదివాడు. లాయక్ అలీ పారిశ్రామికవేత్త. ఆయన దాన్ని చెడిపోయిన బేరంగా చదివాడు. ఇద్దరి దృష్టిలోనూ చరిత్ర గదుల్లో జరుగుతుంది. ఎవరు ఎవరికి ఏ ముసాయిదా ఇచ్చారు, ఎవరు మాట తప్పారు అన్నదే వస్తువు. రైతు వాళ్లకు కనిపించకపోలేదు. ఎదుటి ప్రభుత్వం మీద నేరం మోపడానికి సాక్ష్యంగా కనిపించాడు. అంతకుమించి అతనికి ఆ పుస్తకాల్లో పనిలేదు.

2

కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాల నుంచి చూస్తే ఆ పదమూడు నెలలు వేరుగా కనిపిస్తాయి. వార్ధా, ప్రాణహిత నదులు దాటితే చాందా జిల్లా. ఇవతల హాలీ సిక్కా, అవతల కల్దారు. ఆరు కల్దారు రూపాయలకు ఏడు హాలీ రూపాయలు. మధ్యలో కరోడ్‌గిరి నాకా. సరిహద్దంటే అక్కడి మనిషికి ఇదే. అవతల చాందాలో స్టేట్ కాంగ్రెసు శిబిరముంది. అక్కడ పనిచేసినవారిలో కరీంనగర్ జిల్లా వంగరకు చెందిన పి.వి. నరసింహారావు ఒకరు. ఇట్లాంటి శిబిరాల మీద నిజాం ప్రభుత్వం ఢిల్లీకి ఫిర్యాదులు చేసింది. రజాకార్ల దౌర్జన్యాల మీద ఢిల్లీ ఎదురు ఫిర్యాదులు చేసింది.

ఆ ఫిర్యాదులు నడుస్తున్న రోజుల్లోనే, 1948 మార్చి 14న, హుస్నాబాద్ దగ్గర మహమ్మదాపూర్ గుట్టల్లో అనభేరి ప్రభాకరరావు, సింగిరెడ్డి భూపతిరెడ్డి, వాళ్ల సహచరులు నిజాం బలగాల కాల్పుల్లో నేలకొరిగారు. ఆ దళం ఊరూరా తిరిగి చేసిన పని పటేల్ పట్వారీల దస్తాలు తగలబెట్టడం. ఇక్కడ విమర్శకుడు ఆగి ఆలోచించాలి. అదే కాలంలో రెండు రకాల కాగితాలు జనం తలరాతను నిర్ణయిస్తున్నాయి. ఒకటి ఢిల్లీ, హైదరాబాదుల మధ్య తిరిగిన ఒడంబడిక. రెండోది పట్వారీ పెట్టెలోని లెక్క. మొదటి కాగితంలో ఏ మాట ఉండాలన్నదాని మీద ప్రభుత్వాలు కొట్లాడుకున్నాయి. రెండో కాగితం జోలికి రెండు ప్రభుత్వాలూ పోలేదు. దాని జోలికి పోయినవాళ్లు చనిపోయారు.

1948 మే నెలలో లాయక్ అలీ ప్రభుత్వం కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఎత్తివేస్తే, యూనియన్ దాన్ని కుమ్మక్కుకు రుజువుగా చూపింది. తెలంగాణ రైతు ఇద్దరి చేతుల్లోనూ పావు. సెప్టెంబరు తర్వాత రజాకార్లు పోయారు గాని పోరాడిన రైతు మీద తుపాకీ దిగలేదు. 1951 అక్టోబరులో పోరాట విరమణ జరిగేదాకా అది అట్లాగే సాగింది. యూనియన్‌తో వైరం ముగిసినరోజే ఊళ్లో వైరం ముగియలేదన్న ఈ సంగతిని రాయబారుల పుస్తకాల్లో వెతకడం వృథా.

3

ఆ వెలితిని సాహిత్యం పూరించిందా? ‘గొల్ల రామవ్వ’ కథను ఈ ప్రశ్నతో చదవాలి. 1949లో ‘కాకతీయ పత్రిక’లో ‘విజయ’ అన్న కలం పేరుతో పి.వి. రాసిన కథ ఇది. రాత్రివేళ తన గుడిసెలోకి వచ్చిపడ్డ తిరుగుబాటు యువకుణ్ణి ఒక ముసలి గొల్ల స్త్రీ కడుపున పెట్టుకుని దాస్తుంది. తిండి పెడుతుంది, వేషం మారుస్తుంది, వెతుక్కుంటూ వచ్చిన పోలీసుల్ని ఏమారుస్తుంది. కథలో ఏజెంట్ జనరల్ లేడు, ఒడంబడిక లేదు. యుద్ధమంతా ఒక గుడిసె తలుపు దగ్గర జరుగుతుంది. చాందా శిబిరంలో ఉండి వచ్చిన మనిషి వీరుడి పాత్రను శిబిరంలోని నాయకుడికి కాక రామవ్వకు ఇవ్వడం చిన్న విషయం కాదు. ఆ కథ ఈనాటికీ నిలబడడానికి నా దృష్టిలో అదే కారణం. రామవ్వకు సిద్ధాంతం ఎవరూ నేర్పలేదు. పోలీసు అంటే ఏమిటో బతుకు నేర్పింది. ఆ తెలివిని రచయిత కించపరచలేదు, దానికి ఉపన్యాసమూ తగిలించలేదు.

అయితే కథకు హద్దు కూడా ఉంది. బరువంతా పోలీసు, యువకుడు, రామవ్వల మీదే పడింది. ఆ ఊరి భూమి ఎవరిది, రామవ్వ గొర్లు ఎవరి బంచరాయిలో మేస్తాయి అన్న ప్రశ్న కథ నడకను నిర్ణయించదు. పీడన నిజాం పోలీసుగా మాత్రమే కనిపిస్తే, ఆ పోలీసు పోగానే పీడన పోయిందనుకోవచ్చు. 1949 నాటి పాఠకుడికి ఆ ఊరట కావలసి ఉండొచ్చు. చరిత్ర మాత్రం ఆ ఊరటనివ్వలేదు.

ఆ రచయితే 1980లో విదేశాంగ మంత్రి అయ్యాడు, 1991లో ప్రధాని అయ్యాడు. 1993 సెప్టెంబరులో చైనాతో వాస్తవాధీన రేఖ వెంట శాంతి కోసం కుదిరిన ఒప్పందం ఆయన బీజింగ్ పర్యటనలోనే జరిగింది. కరోడ్‌గిరి నాకా అవతల నిలబడిన యువకుడు పొరుగు దేశంతో సరిహద్దు గురించి మాట్లాడే స్థానానికి చేరాడు. కాని 1998లో వచ్చిన ‘ది ఇన్‌సైడర్’ నవలలో అఫ్రోజాబాద్ అన్న కల్పిత సంస్థానం నుంచి బయల్దేరిన కథ శాసనసభలోకీ మంత్రుల గదుల్లోకీ పోయి అక్కడే తిరుగుతుంది. లోపలి మనిషిగా ఆయన చూసింది విలువైనదే. అయితే చూపు గుడిసె నుంచి గదికి మారింది. ఈ మార్పును వ్యక్తి స్వభావంగా కొట్టిపారెయ్యకూడదు. ఎక్కడ నిలబడితే అక్కడి నుంచే లోకం కనిపిస్తుంది.

4

సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన ‘కొమురం భీం’ నవలను దీని పక్కన పెట్టి చూడాలి. 1940లో జోడేఘాట్‌లో చనిపోయిన భీం అంతకుముందు నిజాం రాజ్యం నుంచి తప్పించుకుని పోయింది చాందా వైపే, అక్కడి నుంచి అస్సాం తేయాకు తోటలకు. గోండులకు చుట్టరికాలు నదికి రెండు దిక్కులా ఉన్నాయి. ప్రభుత్వాలకు గీతగా కనిపించిన సరిహద్దు వాళ్లకు తలుపు. దాన్ని దాటి తలదాచుకోవచ్చు. కాని అవతల భూమి దొరకదు, అక్కడా అడవి సర్కారుదే. అందుకే భీం తిరిగి వచ్చాడు. రెండు రాజ్యాల మధ్య తేడా ఎంతవరకు నిజం, ఎక్కడి నుంచి అబద్ధం అన్నది తేల్చుకోవడానికి ఈ రాకపోకల కంటే మంచి వస్తువు మన రచయితకు దొరకదు.

5

మన సాహిత్యం రాయవలసినంతగా రాయనిది ఇంకొకటి ఉంది. పోలీసు చర్య వెంట జరిగిన హత్యాకాండ మీద సుందర్‌లాల్ కమిటీ 1948 చివర్లో పర్యటించి, 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయారని అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువగా నష్టపోయాయి. నాందేడ్ ఆదిలాబాదు పొరుగు జిల్లా. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాలపాటు బయటపెట్టలేదు. రజాకారును ద్వేషించడం మన సాహిత్యం బాగానే నేర్పింది. రజాకారుకూ, ఊళ్లో దూదేకుల మస్తానుకూ తేడా చూపడం తక్కువగా నేర్పింది. నిజాం రాజ్యంలో దొర హిందువే గదా, మస్తాను కూలివాడే గదా అన్న ప్రశ్న ఎత్తని రచయిత తెలియకుండానే మున్షీ నవలకు అనుబంధం రాస్తున్నాడు.

ఇది పాత లెక్క కాదు. 2022 సెప్టెంబరు 17న కేంద్ర ప్రభుత్వం దాన్ని విమోచన దినమంది, రాష్ట్ర ప్రభుత్వం సమైక్యతా దినమంది. 2024లో అది ప్రజాపాలన దినోత్సవమైంది. పేరు ఏది పెట్టాలన్న తగాదా మళ్లీ గదుల్లోనే జరుగుతోంది. అటు 1956లో రాజూరా తాలూకా ఆదిలాబాదు నుంచి విడిపోయిన తర్వాత, కెరమెరి మండలం సరిహద్దులో డజనుకు పైగా ఊళ్లు రెండు రాష్ట్రాల పేర్లూ మోస్తున్నాయి. ఒక్కో ఇంట్లో రెండు రేషన్ కార్డులు, ఒక్కో ఊరికి ఇద్దరు సర్పంచులు. భూమికి పట్టా అడిగితే మాత్రం ఇద్దరు పెద్దలూ ఒకరి వైపు ఒకరు చూపిస్తారు. రాజ్యాలు తగువులాడుకున్నా, రాజీపడినా, ఈ ఊళ్లలో మనిషి అడిగే ప్రశ్న ఒక్కటే: నేను దున్నే చెలక ఎవరి దస్తాలో ఉంది?

కరీంనగర్, ఆదిలాబాదుల నుంచి ఇప్పుడు రాస్తున్నవాళ్లు పని ఇక్కడ మొదలుపెట్టాలని నా సూచన. నాకాలో హాలీ, కల్దారు మార్చిన సేటు ఎంత మిగుల్చుకున్నాడో, శిబిరానికి జొన్నలు మోసిన మనిషికి 1948 తర్వాత ఎకరమైనా దక్కిందో లేదో, మస్తాను ఆ సెప్టెంబరులో ఎవరి ఇంట్లో దాక్కున్నాడో అడిగి రాయాలి. ఆనాటిని కళ్లారా చూసినవాళ్లు ఇప్పుడు తొంభై దాటారు. వాళ్లు పోయాక మనకు మిగిలేది మున్షీ, లాయక్ అలీల పుస్తకాలే.