ఊపిరి గట్టిగా పీల్చమని చెప్పను

కళ్లు మూసుకోండి, ఊపిరి గట్టిగా పీల్చండి... కౌన్సెలింగ్‌లో మొదట వచ్చే మాట ఇది. విశాఖలోని ఆర్‌.ఆర్‌. వెంకటాపురం నుంచి వచ్చినవాళ్లతో నేనామాట అనను. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరిని కమ్మేసినప్పుడు వాళ్లు నిద్రలో ఉన్నారు. ఆ ఊపిరే విషమైంది. పరుగెత్తుతూనే ఎందరో రోడ్డు మీద కూలిపోయారు. 12 మంది చనిపోయారు.

ఒకామె సంగతి, ఆనవాళ్లు మార్చి చెబుతాను. ఫైబర్ పడవలకు పూసే రెజిన్‌లోనూ స్టైరీన్ ఉంటుంది. హార్బర్ దగ్గర ఆ వాసన తగలగానే నిలువునా బిగుసుకుపోయింది. "చేతులు నావి కావనిపించింది మేడంగారూ. బయ్యమా? నేదు. ఏటీ అనిపించనేదు" అంది. ఇంట్లోవాళ్లేమో గట్టి మనిషి, కంటతడే పెట్టదని మెచ్చుకుంటారు. నాకు మనసు చివుక్కుమంటుంది.

చూపు, వినికిడి మెదడులోని థాలమస్ మీదుగా వెళ్తాయి. వాసన ఆ మజిలీ లేకుండానే, ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలాకు చేరుతుంది. ఇదేమిటని ఆలోచించేలోపే ఒళ్లు స్పందిస్తుంది. పీడకలలు, ఉలికిపాటు ఉన్నవాళ్లలో అమిగ్డలా రేగిపోతుంది, దాన్ని అదుపుచేయాల్సిన ముందుమెదడు వెనకబడుతుంది. ఇలా మొద్దుబారిపోయేవాళ్లలో తీరు తిరగబడుతుందని కెనడాలో రూత్ లేనియస్ బృందం స్కానింగుల్లో గమనించింది. అదుపు అతిగా బిగుసుకుని భావాలనే నొక్కేస్తుంది. ఇదే డిసోసియేషన్. 2013లో మానసిక వ్యాధుల నిర్ధారణ గ్రంథం డీఎస్‌ఎం-5 దీన్ని, ఘోర అనుభవం మిగిల్చే మానసిక వ్యాధి పీటీఎస్‌డీలో ఒక ఉపరకంగా చేర్చింది.

కాబట్టి ముందు మనిషిని గదిలోకి తేవాలి. పాదాలు నేలకు నొక్కమంటాను. చల్లటి నీళ్ల స్టీలు గ్లాసు చేతికిస్తాను. కళ్లు తెరిచే ఉంచి ఎదురుగా కనిపించేవాటి పేర్లు చెప్పమంటాను. చదునైపోయిన గొంతులో మళ్లీ ఎత్తుపల్లాలు వినబడ్డాకే ఆ రాత్రి మాట ఎత్తుతాం, అదీ ఒక్క ముక్క. అంతా కక్కేస్తే బరువు దిగుతుందని మనవాళ్ల నమ్మకం. మనిషి అక్కడ లేనప్పుడు చెప్పించిన కథ ఆమెను ఇంకా దూరం నెట్టేయగలదు.

గుర్తులేని భాగం కోసం అసలు తవ్వను. స్టైరీన్ స్వయంగా నాడీవ్యవస్థను మందగింపజేస్తుంది. స్పృహే తప్పిందో, మనసు తప్పుకుందో నా కుర్చీలోంచి తేల్చలేను. నమోదే కానిదాన్ని పదేపదే అడిగితే ఊహే జ్ఞాపకమై కూర్చుంటుంది.

2012 జూన్‌లో ఉక్కు కర్మాగారంలో పేలుడు, 2020 ఆగస్టు 1న షిప్‌యార్డులో కూలిన క్రేన్... విశాఖలో ఇలాంటి ఇళ్లు చాలానే ఉంటాయి. ఆమె భర్తకు చెప్పిందే వాళ్లకూ చెబుతాను. బిగుసుకుపోయినప్పుడు పట్టుకుని కుదపొద్దు, ఏమైందని గుచ్చి గుచ్చి అడగొద్దు. పేరు పెట్టి పిలవండి. ఇవాళ ఏ వారమో, ఎక్కడున్నారో చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.