పేర్ల జాబితా దగ్గర ఆగి

విక్టోరియా బెర్నల్ ‘నేషన్ యాజ్ నెట్‌వర్క్’ (2014) ప్రవాస ఎరిత్రియన్ల వెబ్‌సైట్ల మీద రాసిన పుస్తకం. అందులో నన్ను ఆపేసింది ఒక పేర్ల జాబితా. 1998-2000లో ఇథియోపియాతో జరిగిన యుద్ధంలో తమవాళ్లు సుమారు 19,000 మంది పోయారని ఎరిత్రియా ప్రభుత్వం చెప్పింది. అంకె చెప్పింది కానీ పేర్లు అచ్చెయ్యలేదు. అవి అందరి కంటా పడింది అమెరికా నుంచి నడిచే అవాతే డాట్ కామ్‌లో.

బెర్నల్ దాన్ని ఒక స్మారకంగా చదువుతారు. కాదనను. నాకైతే అది ముందు వార్త, అస్మారా పత్రికల్లో రావాల్సిన వార్త. 2001 సెప్టెంబరులో ప్రైవేటు పత్రికలన్నీ మూయించి, దావిత్ ఇసాక్‌లాంటి పాత్రికేయుల్ని విచారణైనా లేకుండా బంధించాక ఆ పని బయటివాళ్ల మీద పడింది. చిత్రమేమంటే, 1992లో మొదలైన దెహాయి యుద్ధకాలంలో ఇదే ప్రభుత్వానికి చందాలు పోగెయ్యడానికి వేదికైంది!

దేశమే నెట్‌వర్క్ అన్న మాట దగ్గర నాకు పేచీ. ఆ తీగకి ఈ కొసనున్నవాడు వాదించి నిద్రపోతాడు. ఆ కొసనున్నవాడు ఒక కాగితం బయటికి పంపితే మాయమైపోవచ్చు. బయటివాళ్లకీ భయం లేకపోలేదు. ఊళ్లో అమ్మానాన్న ఉంటారు, ఎంబసీలో పని పడితే 2 శాతం పన్ను కట్టారా అని అడుగుతారు. అందుకే అన్ని మారుపేర్లు. కానీ ఆ జాబితా లోపల్నించే కదా రావాలి! పారిస్ నుంచి 2009లో మొదలైన రేడియో ఎరేనాని శాటిలైట్ మీద, తలుపులేసుకుని, వినేవాళ్లూ అక్కడివాళ్లే. వాళ్ల వైపు నుంచి ఇంకో అధ్యాయం ఉంటే బాగుండేది.