పక్క నుంచి వెన్నుకు దారి

వెన్నుపూస ఆపరేషన్ అంటే వీపు కోయడమేనని మా అనంతపురం వైపు అందరికీ భయం. ఆ భయంలో న్యాయముంది. పాత పద్ధతిలో వెన్నుకు అటూ ఇటూ ఉన్న కండరాలను ఎముక మీద నుంచి ఒలిచి, పని అయ్యేదాకా పక్కకు లాగి పట్టుకుంటాం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మీద, నడుం వంచి కలుపు తీసి, శెనక్కాయ చెట్టు పీకే మనిషికి ఆ కండరాలే ఆస్తి.

అందుకే రోగి పక్క నుంచి వెళ్లి పూసలను అతికించే ఫ్యూజన్ అంటే నాకు ప్రాణం. బ్రెజిల్ సర్జన్ లూయిజ్ పిమెంటా తీర్చిదిద్దిన దారి ఇది; 2006లో అమెరికా సహచరులతో కలిసి వైద్య పత్రికలో వివరించాడు.

కత్తి పట్టకముందే సగం పని ఉంటుంది. రోగిని ఎక్కువగా కుడి పక్కకు పడుకోబెట్టి, పక్కటెముకలకూ తుంటి ఎముకకూ మధ్య జాగా తెరుచుకునేలా బల్లను కాస్త వంచి, కదలకుండా పట్టీలు బిగిస్తాం. సీ-ఆర్మ్ ఎక్స్‌రే యంత్రం తెర మీద పూస అంచు రెండు గీతలుగా కాక ఒక్క గీతగా కనిపించేదాకా బల్లను సర్దుతూనే ఉంటాను. ఇక్కడ తొందరపడితే లోపల దారి తప్పుతుంది. ముందు పెద్ద రక్తనాళాలు, వెనక నరాలు.

కోత మూడు నాలుగు సెంటీమీటర్లే. పొట్ట కండరాల పొరలు విడదీసి, పేగులను కప్పిన పొరను వేలితో మెల్లగా ముందుకు నెడితే సోయాస్ కండ తగులుతుంది. తొడకు పోయే నరాలు దాని లోపలే అల్లుకుని ఉంటాయి, కంటికి కనిపించవు. సన్నని గొట్టం కొస నుంచి కొద్దిపాటి కరెంటు పంపుతాం. నరం దగ్గరుంటే తొడ కండ అదిరి తెర మీద గీత లేస్తుంది. ఆ వేళకు కండరాలను సడలించే మందు ప్రభావం ఉండకూడదు. మత్తు డాక్టరుకు ఈ ఆపరేషన్‌లో నాతో సమానమైన వాటా ఉంది.

అరిగిన డిస్క్ తీసి, దాని జాగాలో కేజ్ అనే ఆధారపు దిమ్మ పెడతాం. వెనక నుంచి పెట్టేదానికన్నా ఇది పెద్దది, పూస ఈ అంచు నుంచి ఆ అంచు దాకా గట్టి ఎముక మీద కూర్చుంటుంది. పూసల మధ్య ఎత్తు పెరగగానే నరం బయటికొచ్చే కంత తెరుచుకుంటుంది. నరాన్ని ముట్టుకోకుండానే దాని మీద ఒత్తిడి తగ్గడం నాకు ఇప్పటికీ అబ్బురమే. చాలామందికి వీపున చిన్న గాట్లతో స్క్రూలు కూడా వేస్తాం.

అన్ని నడుములకూ ఇది కుదరదు. అట్టడుగు డిస్క్‌కు తుంటి ఎముక అడ్డం. ఎముక గుల్లబారితే కేజ్ కుంగుతుంది. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన పల్లెల్లో ఎక్స్‌రేలో ఎముక తెల్లగా దిట్టంగా కనిపిస్తుంది, నిజానికి పెళుసు. బీడీ మానకపోతే అతకడం ఆలస్యం. కొందరికి కొన్ని వారాలు తొడ తిమ్మిరెక్కుతుంది. అది ముందే చెప్పాలి.

“మళ్లా వంగి చెట్టు పీకేకి అయితాదా సార్?” అని ఒకామె అడిగింది.

“ఎముక అతకాలంటే ఆర్నెల్లు, ఒక్కోసారి ఏడాది పడుతుందమ్మా. ఈ ముంగారుకు వద్దు.”

“మరి కూలి?”

2007లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మాదొకటి. పెద్ద ఆపరేషన్లకు పేదల చేతికి కార్డు వచ్చింది. 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా పేరుతో కోలుకునే కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా ఇవ్వడం మొదలైంది. నా లెక్కలో ఆ డబ్బు ఆపరేషన్‌లో భాగమే. వీపు కండరాలు కాపాడి ఇంటికి పంపిన మనిషి గడవక నెల తిరక్కుండానే చేలోకి దిగితే ఎముక అతకదు. వెన్ను అతికించుకున్న కూలీకి ఏడాది పొడవునా అలాంటి భత్యం అందాలి.