ప్లగ్గు పెట్టకముందే వినండి

జాజ్ గిటారు కొనాలనుకునేవాళ్ళు ముందుగా అడిగేది కంపెనీ పేరు. హైదరాబాద్ ఉప్పల్‌లో ఉండే ఒక కుర్రాడు మొన్న అదే అడిగాడు. "అన్నా, ఇబానెజ్ తీసుకోనా, ఇంకో ఏడాది పైసలు జమ చేసి ఈస్ట్‌మన్ తీసుకోనా?" ఎక్కడ వాయిస్తావు తమ్మీ అన్నాను. "ఇంట్లనే. ఫ్లాటు. పక్క పోర్షన్ల చిన్నపిల్లలున్నరు" అన్నాడు. జవాబులో సగం అక్కడే ఉంది.

జాజ్‌కి ఎక్కువగా వాడే హాలో బాడీ ఆర్చ్‌టాప్ గిటారంటే లోపలంతా బోలుగా, పైచెక్క కాస్త ఉబ్బుగా, వయొలిన్‌కున్నట్టు రెండు ఎఫ్ ఆకారపు రంధ్రాలతో ఉండే వాద్యం. గిబ్సన్ కంపెనీ ఎల్-5 పేరుతో 1922లో తెచ్చింది ఇదే. తీగ కదలికని ఆంప్లిఫయరుకి అందించే పికప్ అప్పటికింకా గిటారుకి లేదు. ట్రంపెట్లూ శాక్సఫోన్లూ హోరెత్తే బృందంలో గిటారు వినపడాలంటే చెక్కే గట్టిగా పలకాలి. 1936లో గిబ్సన్‌వాళ్ళు ఈఎస్-150 అనే గిటారుకి పికప్ అమర్చారు. 1939లో ఆ రకం గిటారుతో బెన్నీ గుడ్‌మన్ జాజ్ బృందంలో చేరిన చార్లీ క్రిస్టియన్, తాళం వేస్తూ వెనక కూర్చునే గిటారుని ముందుకు తెచ్చి శాక్సఫోన్‌లా పాడించాడు. 1942లో పాతికేళ్ళ వయసులోనే పోయాడు. ఇవాళ్టికీ జాజ్ గిటారు ఆయన వేసిన బాటలోనే నడుస్తోంది.

మన చెవికి ఈ గిటారు మొదటిసారి నచ్చకపోవచ్చు. స్వరం లావుగా, వెచ్చగా మొదలై చటుక్కున ఆగిపోతుంది. తీగలోని శక్తి అంతా పైచెక్కని ఊపడానికి ఖర్చవుతుంది కాబట్టి మీటు బలంగా ఉంటుంది, నిలకడ తక్కువ. గమకాలు విని పెరిగిన చెవి నిలకడే అడుగుతుంది. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ మామూలు బోలు మాండలిన్‌ని, దాని జంట తీగల్ని వదిలి, ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకున్నది అందుకే. గట్టి చెక్కలో స్వరం నిలుస్తుంది, నిలిచిన స్వరాన్నే జారనివ్వగలం. హిందుస్తానీ విద్వాంసుడు విశ్వమోహన్ భట్ మోహన్ వీణకి ఆధారం ఈ ఆర్చ్‌టాప్ గిటారే. దానికీ కింద అనునాద తీగలు చేర్చి, పైన కడ్డీ జార్చితే తప్ప రాగాలాపన కుదరలేదు.

జాజ్‌కి కావలసింది వేరు. అక్కడ నాలుగైదు స్వరాల కార్డు పడుతుంది, అర క్షణంలో ఇంకోటి పడుతుంది. మొదటిది ఇంకా మోగుతుంటే రెండూ కలిసి బురదైపోతాయి. త్వరగా తగ్గిపోయే స్వరమే అక్కడ స్పష్టత. కాబట్టి దుకాణంలో ఒక్క తీగ మీటి ఎంతసేపు మోగుతుందో చూసి మార్కులు వేయకండి. కార్డులు వరసగా వేసి, మధ్య స్వరాలు విడివిడిగా వినపడుతున్నాయో లేదో చూడండి. అదీ ఆంప్లిఫయరుకి కలపకుండా. ప్లగ్గు పెట్టాక ఆంప్ చాలా లోపాలు కప్పేస్తుంది.

ఇక చెక్క. ఖరీదైన ఆర్చ్‌టాప్‌కి స్ప్రూస్ పలకని చేత్తో చెక్కి, మధ్యలో మందంగా, అంచుల్లో పలచగా తీస్తారు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలవాళ్ళు ఒకే పనస దుంగని తొలిచి వీణ చేసే ఓర్పుకి ఇది దగ్గరి చుట్టం. అలాంటి పనిని చేతుల్లోకి తీసుకున్నప్పుడు కలిగే గౌరవం మాటల్లో చెప్పలేను. అయినా ఉప్పల్, నాచారం లాంటి చోట్ల ఉండేవారికి చెక్కిన పైచెక్క గిటారు కొనమని చెప్పను. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో మన గాలి పూర్తిగా ఎండిపోతుంది. ఆగస్టులో తడిసి ముద్దవుతుంది. గిటారు చెక్కకి సుమారు 45 నుంచి 55 శాతం తేమ హాయి. ఎండాకాలం కూలర్ ముందు కూర్చుని వాయిస్తే గంటసేపు తడిగాలి, కూలర్ ఆపగానే పొడిగాలి. పలచటి ఒంటి పలక ఆ లాగుడికి పగులుతుంది.

ప్లై చెక్క అంటే చవక సరుకని మనవాళ్ళలో ఒక అభిప్రాయం ఉంది. కానీ 1949లో వచ్చిన గిబ్సన్ ఈఎస్-175 మేపుల్ ప్లై గిటారే. గిటారిస్టులు జో పాస్, జిమ్ హాల్ చేతుల్లో జాజ్ గిటారు గొంతుగా స్థిరపడింది అదే. పొరలు అతికించిన చెక్క బిగువుగా ఉంటుంది, కాస్త తక్కువ ఊగుతుంది. అందుకే ఆంప్ శబ్దానికి తిరిగి కూతపెట్టడం, అంటే ఫీడ్‌బ్యాక్, తగ్గుతుంది. మన వాతావరణాన్నీ ఓర్చుకుంటుంది. ఆ మందపాటి "టక్" శబ్దం ప్లై ఇచ్చినంత బాగా చెక్కిన పలక ఇవ్వదని నా నమ్మకం.

పికప్ విషయంలో మనకి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్. పికప్ పట్టుకునే దాని హమ్, అంటే గుయ్యిమనే రొద, 50లోనూ 100లోనూ వినపడుతుంది. ఆరో తీగ మూడో ఫ్రెట్‌లో పలికే జి స్వరం 98 హెర్ట్జ్. అంటే జి శ్రుతిలో పాట ఎత్తుకుంటే, బేస్ స్వరం పక్కనే కాస్త అపస్వరంగా ఇంకొకరు కూనిరాగం తీస్తున్నట్టుంటుంది. 60 హెర్ట్జ్ కరెంటున్న అమెరికాలో ఈ తగాదా వేరే స్వరంతో. ఫ్యాక్టరీల మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, ఇంట్లో ఎల్ఈడీ లైట్లు, ఫ్యాన్ రెగ్యులేటరు అన్నీ తోడయ్యే నాచారం పారిశ్రామిక వాడ పక్కన పీ-90 లాంటి ఒంటిచుట్ట పికప్ ఓపిక పరీక్షిస్తుంది. ఈఎస్-175కి కూడా మొదట పీ-90లే ఉండేవి, 1957లో హమ్ తీసేసే జంటచుట్ట హంబకర్లు వచ్చాయి. కెనడా కంపెనీ గోడిన్ చేసే ఫిఫ్త్ ఎవెన్యూ కింగ్‌పిన్ నాకు చాలా ఇష్టం. చెర్రీ చెక్క, మెడ దగ్గర ఒకటే పీ-90, పాత రికార్డుల్లోని గరుకుదనం. నిశ్శబ్దమైన వీధిలో ఉండేవాళ్ళు తీసుకోండి.

చేతికి అమరడం గురించి దుకాణదారులు చెప్పరు. 17 అంగుళాల వెడల్పు, మూడంగుళాలకు పైగా లోతు ఉన్న పెట్టెని ఒళ్ళో పెట్టుకుంటే కుడి భుజం పైకి లేస్తుంది. అరగంటకి మెడ పట్టేస్తుంది. మన సగటు ఎత్తుకి 16 అంగుళాలు నయం. తీగ పొడవు తర్వాతి కాలపు ఎల్-5లో 25.5 అంగుళాలు, ఈఎస్-175లో 24.75. ఈ ముప్పావు అంగుళం తేడా కార్డులు సాగదీసే ఎడమచేతి వేళ్ళకి బాగా తెలుస్తుంది. కూర్చోవడమే కష్టమైతే 1958లో వచ్చిన ఈఎస్-335 రకం చూడండి. పలచగా ఉంటుంది, మధ్యలో గట్టి దిమ్మె ఉంటుంది, అంత తేలిగ్గా కూతపెట్టదు. కానీ అది సగం బోలు. ఆంప్ లేకుండా రాత్రి పదింటికి వాయించుకునే సుఖం అందులో ఉండదు.

ఇప్పుడు ఆ కుర్రాడి ప్రశ్న. ఈస్ట్‌మన్ ఏఆర్371 ఈఎస్-175 అచ్చులో బీజింగ్‌లో తయారవుతుంది. మేపుల్ ప్లై, మెడ దగ్గర ఒకటే హంబకర్. పైచెక్కకి పికప్ కోసం కోసే రంధ్రాలు ఎంత తక్కువైతే అంత స్వేచ్ఛగా పలుకుతుంది, అది వినపడుతుంది కూడా. ఇబానెజ్ ఆర్ట్‌కోర్ ఏఎఫ్55 లిండెన్ చెక్క, రెండు హంబకర్లు. ప్లగ్గు లేకుండా వింటే కాస్త ముక్కుతో పలికినట్టుంటుంది. కానీ ఈస్ట్‌మన్‌కన్నా చాలా తక్కువ ధరకి వస్తుంది. దిగుమతి సుంకం, జీఎస్టీ కలిశాక ఆ తేడా ఇంకా పెరుగుతుంది.

నేను ఇబానెజ్ తీసుకొమ్మన్నాను. మిగిలిన డబ్బులో కొంత మంచి పనివాడికి ఇచ్చి ఫ్రెట్లు సమం చేయించమన్నాను, నట్ గాళ్ళు సరిచేయించమన్నాను. గరుకు తీగలు తీసేసి 12 సైజు నున్నటి ఫ్లాట్‌వౌండ్ తీగలు వేయించమన్నాను. వాటితో ముక్కుగొంతు చాలావరకు పోతుంది, వేలు జారే కీచు కూడా పోతుంది. తీగలు మార్చేటప్పుడు ఒక్కొక్కటే మార్చాలి. చాలా ఆర్చ్‌టాప్‌లకి బ్రిడ్జి పైచెక్కకి అతికించి ఉండదు, తీగల బిగువుతోనే నిలబడుతుంది. అన్నీ ఒకేసారి విప్పితే బ్రిడ్జి కదిలి శ్రుతి తప్పుతుంది.

ఏడాది ఆగి ఈస్ట్‌మన్ కొనగలిగినా, ఆ ఏడాది వాయించకుండా పోతుంది. సొమ్ము చేతిలో సిద్ధంగా ఉన్నవాళ్ళు మాత్రం ఈస్ట్‌మనే కొనండి.