సారంగధరుడు – హిప్పొలిటస్: తప్పు ఎవరిది?

గ్రీకు నాటకాలు అనగానే అవి కాలేజీ చదువుల వారి సొత్తు అనీ, తోటల్లో పుట్టి పెరిగిన మనకు వాటితో పని లేదనీ మనలో చాలామంది అనుకుంటారు. ఆ అభిప్రాయం సరికాదని మా నమ్మకం. సుమారు 2,450 ఏళ్ళ క్రిందట ఏథెన్సు నగరంలో ఆడిన ఒక నాటకాన్ని, మన తెలుగునాట పుట్టిన ఒక కథను పక్కపక్కన పెట్టి చూస్తే అవి రెండూ ఒక తల్లి బిడ్డల్లా కనబడతాయి. ఆ నాటకం పేరు 'హిప్పొలిటస్'. మన కథ సారంగధర చరిత్ర. రెండింటిలోనూ సవతితల్లి వల్ల కొడుకు మీద నింద పడుతుంది. తండ్రి ఆ నిందను నమ్ముతాడు. కొడుకు బలి అవుతాడు. తప్పు ఎవరిది అని అడిగితే మనవాళ్ళందరూ ఒక్క గొంతుతో "చిత్రాంగిదే" అంటారు. ఆ జవాబు సరిపోతుందా అని ఆలోచించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా గ్రీకుల నాటకం గూర్చి నాలుగు మాటలు. అది కాలక్షేపానికి పుట్టినది కాదు, దేవుని ఉత్సవంలో పుట్టినది. ప్రతి యేటా వసంతకాలంలో డయొనీసస్ అనే దేవునికి ఏథెన్సువారు ఉత్సవం చేసేవారు. కొండవాలున, ఆరుబయట, పగటి వెలుగులో వేలాది జనం కూర్చొని చూసేవారు. నటులు ముఖాలకు ముసుగులు తగిలించుకునేవారు. స్త్రీ వేషాలు కూడా మగవారే కట్టేవారు. స్థానం నరసింహారావు గారి సత్యభామను గూర్చి విన్న మనకు ఇందులో వింత లేదు. నటులతోపాటు ఒక మేళం ఉండి, ఆడుతూ పాడుతూ కథలోని మంచిచెడ్డలను తలపోసేది. కవులకు పోటీ పెట్టి బహుమతులిచ్చేవారు. క్రీ.పూ. 428లో 'హిప్పొలిటస్' వ్రాసిన యురిపిడీసుకు మొదటి బహుమతి వచ్చింది.

ఇక కథ. థీసియస్ అనే రాజుకు మొదటి ఆమె వల్ల కలిగిన కొడుకు హిప్పొలిటస్. అతడు వేటదేవత ఆర్టెమిస్‌ను మాత్రమే కొలుస్తాడు. ప్రేమదేవత ఆఫ్రొడైటీని చులకన చేస్తాడు. ఒక అమ్మవారికి మొక్కి ఇంకొక అమ్మవారిని తూలనాడితే ఏమవుతుందో మన పెద్దలకు వేరే చెప్పనక్కరలేదు. ఆఫ్రొడైటీ కక్షగట్టి, రాజు భార్య ఫేడ్రాకు సవతికొడుకు మీద మోహం పుట్టిస్తుంది. ఫేడ్రా ఆ మోహాన్ని పైకి చెప్పుకోలేక, సిగ్గుతో అన్నం మాని మంచం పడుతుంది. ఆమెను పెంచిన దాది మేలు చేస్తున్నాననుకొని, ఎవరికీ చెప్పనని ప్రమాణం చేయించుకొని, హిప్పొలిటస్‌కు సంగతి చెప్పేస్తుంది. అతడు మండిపడి ఆడజాతినంతటినీ తిట్టిపోస్తాడు. ఇది విన్న ఫేడ్రా పరువు పోతుందని ఉరి వేసుకుంటుంది. పోతూ పోతూ, అతడే తనను చెరిచాడని పలక మీద వ్రాసి పెడుతుంది. ఊరినుండి తిరిగివచ్చిన థీసియస్ ఆ పలక చదివి, తనకు సముద్రదేవుడు పొసైడన్ ఇచ్చిన వరంతో కొడుకును శపిస్తాడు, దేశంనుండి వెళ్ళగొడతాడు. సముద్రంలోనుండి ఒక ఎద్దు లేచి వస్తుంది. గుర్రాలు బెదరి, రథం విరిగి, హిప్పొలిటస్ పగ్గాలలో చిక్కి రాళ్ళ మీద ఈడ్వబడతాడు.

మన కథ అందరికీ తెలిసినదే. రాజమహేంద్రవరాన్ని ఏలిన రాజరాజనరేంద్రుని కొడుకు సారంగధరుడు. రాజు వేటకు వెళ్ళినప్పుడు ఎగిరిపోయిన పావురం కోసం అతడు పినతల్లి చిత్రాంగి మేడకు వెళతాడు. ఆమె కోరుతుంది, అతడు కాదంటాడు, ఆమె నింద వేస్తుంది. రాజు కొడుకు కాళ్ళూ చేతులూ నరికించమంటాడు. చివరకు ఒక సిద్ధయోగి దయతో అవి మళ్ళీ వస్తాయి. చరిత్రలో రాజరాజు నన్నయభట్టును ఆదరించిన ప్రభువు. అతని కొడుకు కులోత్తుంగుడు చోళరాజ్యాన్ని ఏలాడు. సారంగధరుని కథ మాత్రం జనం నోట పెరిగినది. పదిహేనవ శతాబ్దంలో గౌరన తన 'నవనాథ చరిత్ర'లో దీనిని చెప్పాడు. పదిహేడవ శతాబ్దంలో, తెలుగుదేశానికి దూరమైన తంజావూరులో చేమకూర వేంకటకవి దీనినే ప్రబంధం చేశాడు. 1957లో ఎన్.టి. రామారావు, భానుమతి నటించిన సినిమా వచ్చింది. రాజమహేంద్రవరంలో సారంగధర మెట్ట నేటికీ ఉంది. గ్రీకుల ట్రోజెన్ పట్టణంలోనూ పెళ్ళికి ముందు కన్యలు జుట్టు కత్తిరించి హిప్పొలిటస్‌కు సమర్పించే ఆచారం ఉండేది. అన్యాయానికి బలి అయినవానిని జనం మరచిపోరు.

ఒకరి కథను ఇంకొకరు ఎత్తుకున్నారని మేము అనడం లేదు. అశోకుని కొడుకు కునాలుని కథ ఇటువంటిదే, యూదుల గ్రంథంలోని యోసేపు కథలోనూ ఇటువంటి నిందే ఉంది. నింద, తొందరపాటు ఉన్న ప్రతిచోటా ఈ కథ పుడుతుంది.

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం. యురిపిడీస్ ఈ కథను రెండుసార్లు నాటకం చేశాడు. మొదటిదానిలో ఫేడ్రా సిగ్గు విడిచి తానే అడుగుతుంది. అది ఏథెన్సువారికి రుచించలేదు. రెండవదానిలో ఆమెను లోలోపల పోరాడే మనిషిగా మలిచాడు. ఆమె చేసిన నేరాన్ని దాచలేదు, ఆమె బాధనూ దాచలేదు. మన చిత్రాంగికి ఈ అవకాశం ఎందుకు లేకపోయింది? కథలో ఆధారం లేక కాదు. చిత్రాంగిని మొదట సారంగధరునికే ఇవ్వాలనుకున్నారనీ, చిత్రపటాలు కూడా చూపుకున్నారనీ, తర్వాత రాజే ఆమెను చేసుకున్నాడనీ జనం చెప్పుకునే కథలోనే ఉంది. కొడుకుకు చూసిన పిల్లను తండ్రి కట్టుకుంటే ఆ ఇంట్లో నిప్పు పెట్టినది ఎవరు? రంగస్థలం మీద ఈ ముక్కను నాలుగు మాటల్లో దాటవేసి, చిత్రాంగి వగలనే గంటసేపు ఆడించడం మన నాటకాల లోపమని మేము నిస్సంకోచంగా అంటాము.

అంతకంటే పెద్ద సంగతి తీర్పు. గ్రీకు నాటకం చివర ఆర్టెమిస్ ప్రత్యక్షమై థీసియస్‌ను నిలదీస్తుంది. ప్రమాణాన్ని లెక్కచేశావా, రుజువు అడిగావా, జోస్యుని మాట విన్నావా, కొంతకాలం ఆగావా అని అడుగుతుంది. ఫేడ్రాను మించి అతనినే ఆమె గట్టిగా మందలిస్తుంది. ఇంకొక సూక్ష్మం కూడా ఉంది. మేళంలోని స్త్రీలకు నిజం తెలుసు. కాని ఫేడ్రాకు ఇచ్చిన మాటకు కట్టుబడి నోరు విప్పరు. హిప్పొలిటస్ కూడా దాదికి చేసిన ప్రమాణం తప్పలేక తన నిర్దోషిత్వాన్ని చెప్పుకోలేడు. తెలిసినవారు మాట్లాడరు, తీర్పరి ఆగడు. ఈ రెండూ కలిసి ఒక ప్రాణం తీశాయి.

మన కథలో రాజరాజును ఇంత సూటిగా అడిగేవారు లేరు. పైగా కాళ్ళూ చేతులూ తిరిగి మొలవగానే రాజు తప్పు కూడా మాసిపోయినట్టు అవుతుంది. మంగళాంతం మన సంప్రదాయం, దానిని మేము తక్కువ చేయము. కాని పందొమ్మిదవ శతాబ్దం చివర బళ్ళారి వకీలు ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు ఆ సంప్రదాయాన్ని కాదని 'విషాద సారంగధర' వ్రాసి, కథను దుఃఖంతోనే ముగించారు. తెలుగులో విషాదాంత నాటకానికి దారి తీసినవారిగా ఆయనను చెప్పుకుంటారు. తెగిన చేయి తిరిగి రాదని చూపితేనే తెంపినవానికి బాధ్యత అంటుతుంది. ఆయన చేసిన మేలు అదేనని మా అభిప్రాయం.

అయితే ఒక విషయంలో మన కథదే పైచేయి. హిప్పొలిటస్ తన పవిత్రతకు గర్వించి స్త్రీలందరినీ దూషిస్తాడు. సారంగధరుడు చిత్రాంగిని కడదాకా "అమ్మా" అనే పిలుస్తాడు. నింద వేసినామెను కూడా తల్లి స్థానంనుండి దించడు. చనిపోతూ తండ్రిని క్షమించిన హిప్పొలిటస్‌కు కూడా ఈ ఓర్పు స్త్రీల యెడల లేకపోయింది.

ఇదంతా తెలుక్ ఇంటాన్‌లో ఉన్న మనకెందుకు? మలయాకు ఒప్పంద కూలీలను తెచ్చే పద్ధతి 1910లో ఆగింది. కాని ఆ తర్వాత కూడా తోటల్లో విచారణ అంటే ఎలా ఉండేదో మన ఇళ్ళలో కథలుగా విన్నాము. కంగాణి ఒక మాట చెబితే, దొర ఒక సంతకం పెడితే, సాయంత్రానికి సంసారం రోడ్డున పడేది. అడగకుండా ఇచ్చే తీర్పు ఎంత కోస్తుందో మన తాతలకు తెలుసు. అటువంటి వారి సంతతి అయిన మనమే ఇళ్ళలోనూ, సంఘాలలోనూ పిల్లల యెడల రాజరాజులం కావడం లేదా? ఫలానా అమ్మాయి ఫలానావాడితో కనబడిందట అని ఎవరో అంటారు. ఆ 'అట' మీదనే పెద్దలు తీర్పు చెబుతారు. నిజం తెలిసిన నలుగురూ మనకెందుకులే అని ఆ మేళంలోని స్త్రీలలాగా ఊరుకుంటారు. పిల్లలు ఇల్లు విడిచి, భాష విడిచి, మనలను విడిచి వెళ్ళిపోతే అప్పుడు విచారిస్తాము. ఏ సిద్ధయోగీ వచ్చి వారిని తిరిగి అతికించడు.

కాబట్టి మన యువకులు సారంగధర నాటకాన్ని మళ్ళీ కడితే, వారికి ఒక్క మనవి. పావురం సీను, చిత్రాంగి సీను కొంత తగ్గించండి. రాజు తీర్పు చెప్పే సీనును నిదానంగా ఆడించండి. సభలో కూర్చున్న పెద్దలలో ఒక్కరైనా "అయ్యా, కాస్త ఆగి అబ్బాయిని అడగవయ్యా" అని రాజుతో అనేలా ఆడించండి.