శ్వేతపత్రం, స్వేదపత్రం - లెక్కకెక్కని వృద్ధుల బాకీ: ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం: తెలంగాణ ఆర్థిక స్థితిపై 2023 డిసెంబరులో వెలువడిన రెండు పత్రాలు అప్పును రెండు విధాలుగా లెక్కించాయి. విశ్రాంత ఉద్యోగులకు చెల్లించవలసిన ప్రయోజనాలు మాత్రం రెండింటి అప్పు లెక్కలోనూ చేరలేదు. చెల్లింపును ఆపడం కూడా ఒక విధమైన అప్పేనని, నగదు పద్ధతి ఖాతాలు దానిని లోటులో కనబడనీయవని ఈ వ్యాసం నిరూపించదలచింది.

కీలకపదాలు: ద్రవ్యలోటు, పింఛను, గ్రాట్యుటీ, శ్వేతపత్రం, ఆసరా, కొత్తపేట.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదు తూర్పు భాగంలోని దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట పరిసరాలలో కొన్ని కాలనీల పేర్లే ఆ ప్రాంత చరిత్రను చెబుతాయి. పి అండ్ టి కాలనీ, టెలిఫోన్ కాలనీ వంటి పేర్లలో ప్రభుత్వ కొలువు, దాని వెంట వచ్చే పింఛను జ్ఞాపకంగా నిలిచి ఉన్నాయి. అదే కొత్తపేటలో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు 2021లో బాటసింగారానికి తరలిపోయే వరకు నడిచింది. అక్కడ బస్తాలు, పెట్టెలు మోసిన హమాలీకి పదవీ విరమణ తేదీ లేదు. వయసు మళ్ళితే దిక్కు ఆసరా పింఛనే.

ఈ ఇద్దరు వృద్ధులూ తమకు అందేదానిని 'పింఛను' అనే అంటారు. ఒకటి చేసిన సేవకు చట్టం గుర్తించిన హక్కు. రెండవది రాజ్యం కల్పించిన సామాజిక భద్రత. ప్రభుత్వ లోటును గురించిన చర్చలో ఈ ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టే ధోరణి బలంగా కనిపిస్తుంది. ఆ ధోరణి ఎంతవరకు సమంజసమో పరిశీలించవలసి ఉంది.

2. రెండు పత్రాలు - ఒకే పట్టిక

ఉపముఖ్యమంత్రి మల్లు భట్టివిక్రమార్క 2023 డిసెంబరు 20న శాసనసభలో ప్రవేశపెట్టిన శ్వేతపత్రం ప్రకారం, 2014-15లో 72,658 కోట్ల రూపాయలుగా ఉన్న రాష్ట్ర రుణం 6,71,757 కోట్లకు చేరింది. ఈ మొత్తంలో నాలుగు భాగాలున్నాయి. ద్రవ్య బాధ్యత చట్టం పరిధిలోని రుణం 3,89,673 కోట్లు. ప్రభుత్వ హామీతో కార్పొరేషన్లు తీసుకొనగా ప్రభుత్వమే తీరుస్తున్నవి 1,27,208 కోట్లు. హామీ ఉండి కార్పొరేషన్లే తీరుస్తున్నవి 95,462 కోట్లు. హామీ లేనివి 59,414 కోట్లు.

నాలుగు రోజుల తరువాత భారత రాష్ట్ర సమితి పక్షాన కె. తారక రామారావు 'స్వేదపత్రం' విడుదల చేశారు. అందులో పదేళ్ళ పాలనలో చేసిన అప్పు సుమారు 3.17 లక్షల కోట్లు మాత్రమే. పై పట్టికలోని మొదటి అంశం నుండి 2014 నాటి రుణాన్ని తీసివేస్తే 3,17,015 కోట్లు వస్తుంది. రెండు పక్షాలకూ ఆధారం ఒకే తరహా అంకెలు. తేడా దేనిని అప్పుగా ఒప్పుకోవాలన్న దానిలోనే ఉంది. శ్వేతం నిజాయితీని, స్వేదం శ్రమను సూచిస్తాయి. రెండు శీర్షికల మధ్య ఉన్నది రెండు అక్షరాల తేడాయే అయినా, అది రెండు వాదాల స్వభావాన్ని పట్టి ఇస్తుంది.

అయితే పై నాలుగు భాగాలలోనూ ఋణదాత ప్రధానంగా బ్యాంకో, ఆర్థిక సంస్థో, బాండు కొన్నవారో. పదవీ విరమణ చేసి గ్రాట్యుటీ కోసం ఎదురుచూసే వ్యక్తి ఈ పట్టికలో ఋణదాత కాడు. శ్వేతపత్రంలో అతడు మరోచోట, వ్యయం పక్షాన కనిపిస్తాడు. రెవెన్యూ రాబడిలో 34 శాతం రుణసేవకు, మరో 35 శాతం జీతాలు, పింఛన్లకు పోతున్నందున పేదల సంక్షేమానికి మిగిలేది స్వల్పమని ఆ పత్రం సారాంశం. ఈ వాక్యంలో పింఛనుదారుడు పేదవాడి వాటాను హరిస్తున్నవాడుగా మారాడు.

3. ఆపిన చెల్లింపు అప్పు కాదా?

భారతదేశంలో ప్రభుత్వ ఖాతాలు నగదు పద్ధతిపై నడుస్తాయి. డబ్బు ఖజానా దాటిన రోజునే అది వ్యయం అవుతుంది. అకౌంటింగ్ ప్రమాణాల కోసం 2002లోనే సలహా మండలి ఏర్పడినా, బాధ్యత ఏర్పడిన నాడే లెక్కలోకి తెచ్చే పద్ధతికి మార్పు పూర్తికాలేదు. దీని ఫలితం స్పష్టం. గ్రాట్యుటీ, కమ్యుటేషన్, సంపాదిత సెలవుల నగదు బిల్లులు ట్రెజరీలో ఆమోదం పొంది, టోకెన్ నంబరుతో 'ఈ-కుబేర్'లో నిలిచిపోతే, ఆ సంవత్సరం లోటు ఆ మేరకు తగ్గి కనిపిస్తుంది. బ్యాంకు వద్ద అప్పు చేస్తే వడ్డీ, పరిమితి, శాసనసభలో ప్రశ్న తప్పవు. విశ్రాంత ఉద్యోగి వద్ద చేసిన అప్పుకు ఆ మూడూ లేవు.

ఈ అప్పుకు 2021 నిర్ణయం బాట వేసింది. ఆ మార్చిలో తెలంగాణ ప్రభుత్వం పదవీ విరమణ వయసును 58 నుండి 61కి పెంచింది. వయోపరిమితిపై జరిగే విరమణలు దాదాపు మూడేళ్ళు ఆగాయి; వాటి బిల్లులు 2024 మార్చి తరువాతికి జరిగాయి. ఒక ప్రభుత్వం ముందుకు తోసిన బాధ్యత మరొక ప్రభుత్వం వంతుకు వచ్చింది. అది 'పెండింగ్' అనే మాటతో మరికొంత ముందుకు తోసింది. 2025లో ఉద్యోగుల పెండింగు బిల్లులకు నెలకు 700 కోట్ల రూపాయలు విడుదల చేస్తామని ప్రకటించవలసి రావడమే ఆ బాకీ పరిమాణానికి సూచిక.

దీని భారాన్ని ఒక ఊహాత్మక ఉదాహరణతో గ్రహించవచ్చు. 2020 వేతన సవరణ ప్రకారం గ్రాట్యుటీ గరిష్ఠ పరిమితి 16 లక్షలు. ఆ మొత్తం ఒక ఏడాది ఆలస్యమైతే, 6 శాతం వడ్డీ చొప్పున గ్రహీత కోల్పోయేది 96,000 రూపాయలు. కూతురి పెళ్ళికో, ఇంటి అప్పుకో, శస్త్రచికిత్సకో ఆ సొమ్మును లెక్కవేసుకున్న కుటుంబం బయట అంతకంటె ఎక్కువ వడ్డీకి తెచ్చుకోవలసి వస్తుంది. ప్రభుత్వం మిగుల్చుకున్న వడ్డీని ఇంటి యజమాని చెల్లిస్తున్నాడన్నమాట.

4. న్యాయస్థానాల దృష్టి

పింఛను దయాధర్మం కాదని, చేసిన సేవకు దక్కే హక్కని సుప్రీంకోర్టు డి.ఎస్. నకారా కేసులో 1982 డిసెంబరు 17న తేల్చింది. 2013లో జార్ఖండ్ రాష్ట్రానికి సంబంధించిన తీర్పులో పింఛను, గ్రాట్యుటీలను 300ఎ అధికరణ కింద ఆస్తిగా గుర్తించింది. కోవిడ్ కాలంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీతాలు, పింఛన్లలో కొంత భాగాన్ని వాయిదా వేసినప్పుడు విశ్రాంత జిల్లా న్యాయమూర్తి దినవహి లక్ష్మీ కామేశ్వరి హైకోర్టును ఆశ్రయించారు. హైకోర్టు 12 శాతం వడ్డీ విధించింది. సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరి 8న దానిని 6 శాతానికి తగ్గించింది గాని, వడ్డీ బాధ్యతను నిలిపింది. వడ్డీ ఇక్కడ శిక్ష కాదు. ఒకరి సొమ్మును మరొకరు వాడుకొన్నందుకు ప్రతిఫలం. ఆపిన చెల్లింపు అప్పేననడానికి ఇంతకంటె స్పష్టమైన ఆధారం అక్కరలేదు.

అదే సమయంలో తెలంగాణ పింఛన్లలో సగం నిలిపి, ప్రశ్న హైకోర్టుకు చేరాక 2020 జూన్‌లో ఆర్డినెన్సు తెచ్చింది. ఆ మొత్తాలను తరువాత చెల్లించినా, పింఛనును వాయిదా వేయదగిన వ్యయంగా చూసే అలవాటుకు చట్టరూపం ఏర్పడింది.

5. హమాలీ పేరిట వాదం

పింఛను వ్యయంపై విమర్శను పూర్తిగా కొట్టివేయడం న్యాయం కాదు. ప్రభుత్వోద్యోగం చేసినవారు వృద్ధులలో కొద్దిమందే. వారికి పోయే వాటా పెద్దది. 2004 సెప్టెంబరు 1 తరువాత చేరినవారిని కంట్రిబ్యూటరీ పింఛను పథకంలోకి మార్చడానికి చెప్పిన కారణమూ ఇదే. మార్కెట్టు హమాలీ దృష్టిలో ఈ అసమానత నిజమే.

కానీ ఒకరి వద్ద ఆపినది మరొకరికి చేరినదా అన్నదే అసలు పరీక్ష. ఆసరా వృద్ధాప్య పింఛను 2014లో 1,000 రూపాయలు. 2019లో 2,016 అయింది. దానిని 4,000 చేస్తామని 2023 ఎన్నికలలో 'చేయూత' పేరిట కాంగ్రెస్ ఇచ్చిన హామీ 2024-25, 2025-26 బడ్జెట్లలో అమలుకు రాలేదు. 60 నుండి 79 ఏళ్ళ వారికి కేంద్రం ఇచ్చే వాటా దశాబ్దంన్నరకు పైగా నెలకు 200 రూపాయలే. విశ్రాంత ఉద్యోగి గ్రాట్యుటీ ఆగిన కాలంలోనే హమాలీ పింఛనూ పెరగక నిలిచింది. అందువల్ల ఒకరి హక్కు మరొకరి వాటాను మింగుతున్నదన్న వాదం నిలవదు. లోటు సర్దుబాటు ఇద్దరి మీదా పడింది. రుణభారం తక్కువేమీ కాని ఆంధ్రప్రదేశ్ 2024 జూలై నుండి వృద్ధాప్య పింఛనును 4,000 చేసింది. లోటు ఎంత ఉన్నదన్నది గణితం. ఎవరిని ఆగమనాలన్నది రాజకీయం.

6. ముగింపు

శ్వేతపత్రం దాచిన అప్పులను బయటపెట్టే ప్రయత్నం చేసింది. స్వేదపత్రం ఆ అప్పుతో ఏర్పడిన ఆస్తులను చూపింది. రెండింటి ప్రయోజనాన్నీ కాదనలేము. అయితే వృద్ధులకు ఉన్న బాకీని అప్పు నిర్వచనంలో చేర్చనంతకాలం ఈ వాదవివాదం అసంపూర్ణమే. బడ్జెట్టు పత్రాలతో పాటు విరమణ ప్రయోజనాల బకాయిని, అది ఎన్ని నెలలుగా నిలిచి ఉందో ఏటా ప్రకటించడం, గడువు దాటిన మొత్తానికి కోర్టుకు వెళ్ళకుండానే వడ్డీ చెల్లించడం, ఆసరా మొత్తాన్ని ధరల సూచికతో ముడిపెట్టడం అవసరం. వీటిలో మొదటి దానికి పెద్ద ఖర్చు లేదు. అయినా అది జరగకపోవడానికి కారణం ఆర్థికం కాదు: ఆ అంకె అచ్చయిన నాడు లోటు పెరిగి కనిపిస్తుంది, దానికి జవాబు చెప్పవలసి వస్తుంది.