యంత్రసూచియు గ్రంథభాండాగారియు

గతసంవత్సరమున మా గుఱ్ఱముకొండలోని యొక విద్యార్థి, అచ్చటి కోటనుగూర్చి పూర్వులు వ్రాసినది చదువఁగోరి నాయొద్దకు వచ్చెను. అతనిని వెంటఁబెట్టుకొని సమీపపట్టణమందలి యొక గ్రంథాలయమునకుఁ బోయితిని. పూర్వము సూచీపత్రములుండిన చెక్కపెట్టె యచ్చట లేదు. దాని స్థానమున గణకయంత్ర మొకటి యున్నది. విద్యార్థి ‘గుర్రంకొండ’ యని యిప్పటి వాడుకవ్రాఁతలో నక్షరములు గొట్టెను. తెరపై మూఁడు నాలుగు గ్రంథములు గానవచ్చినవి, అన్నియు నిటీవలివే. పిమ్మట శకటరేఫముతో ‘గుఱ్ఱముకొండ’ యని కొట్టించితిని. వేఱు రెండు గ్రంథములు వచ్చినవి. మొదట వచ్చినవి మాయమైనవి. రోమనులిపిలోఁ గొట్టింపఁగా మఱియొక గుంపు వచ్చినది. ఊ రొక్కటే, దానిని జెప్పు గ్రంథములు మూఁడు కులములై యొకదాని నొక టెఱుఁగక యున్నవి. నేను జెంత లేనిచో నా బాలుఁడు మొదటి పట్టికయే సర్వస్వమని నమ్మి యింటికిఁ బోయియుండును.

యంత్రమును నిందించుటకై యీ వ్యాసము వ్రాయుటలేదు. యంత్రమువలనఁ గలిగిన మేలు సామాన్యమైనది కాదు. చిత్తూరు మండలమున నుండిన కాటూరులో 1937 లో జన్మించి, 1994 లో ట్యూరింగు పురస్కారము నందిన రాజ్ రెడ్డిగారు, అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమందుండి, పదిలక్షల గ్రంథముల ఛాయాప్రతులను లోకమునకెల్ల నందింపవలెనను నుద్యమమునకు మూలపురుషులలో నొకరైరి. 2007 నాఁటికి ఆ సంఖ్య పదునైదు లక్షలకుఁ జేరినది. ఈ యుద్యమముతోఁ గూడిన భారతీయశాఖయే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. తెలుఁగు గ్రంథములు వేలకొలఁది యందుఁ జేరినవి. 2017 ప్రాంతమున నా స్థానము మూఁతపడినను, ప్రతు లనేకము లింటర్నెటు ఆర్కైవునందు నిలిచినవి. నా చిన్నతనమున నొక పాతముద్రణమును జూడవలెనన్నఁ జెన్నపట్టణమునకుఁ బోవలసియుండెను. పోయినను నది పురుగు దినకయుండుట దైవాధీనము. నేఁడు కోటక్రింది యరుఁగుమీఁదఁ గూర్చుండి దానిఁ జదువవచ్చును. ఈ యుపకారమును మఱచి మాటలాడువాఁడు కృతఘ్నుఁడు.

అయినను ఛాయాప్రతి యున్నంతమాత్రమున గ్రంథము లభించినట్లు కాదు. దానిఁ జేరుటకుఁ బేరు కావలెను. ఆ గ్రంథముల పేళ్లు మొదట రోమనులిపిలో నెక్కింపఁబడినవి. పలుచోట్ల నక్షరభేదము దెలుపు చిహ్నములు లేవు, ఉన్నచోటఁ బద్ధతి యొకటిగా లేదు. కల, కాల, కళ, కాళ యను నాలుగు పదములు నా లిపిలోఁ జిహ్నములు లేనిచో నొక్క రూపమునే పొందును. హ్రస్వదీర్ఘభేదమును, లకారళకారభేదమును బోయినచోఁ దెలుఁగుపదమున మిగులునది యస్థిపంజరము. ఇట్టి పట్టికను జూచి గ్రంథమును వెదకువాఁడు, పేరు ముందే తెలిసియుండినఁ గనుఁగొనును. తెలియనివానికిఁ బట్టిక నిరుపయోగము. తెలియనివాని కొఱకే గదా సూచి!

దోష మెచ్చట నున్నదో విచారింపవలెను. పాణిని యష్టాధ్యాయి ప్రథమాధ్యాయ ప్రథమపాదమున నొక పరిభాష చేసెను. శాస్త్రమున నొక శబ్దమునకుఁ గార్యము విధింపఁబడినప్పు డా శబ్దస్వరూపమే గ్రాహ్యము, అర్థము గ్రాహ్యము గాదు, పర్యాయములు గ్రాహ్యములు గావు అని దాని తాత్పర్యము. అగ్నిశబ్దమునకు విధించిన ప్రత్యయ మగ్నిశబ్దమునకే వచ్చును, పావకశబ్దమునకు రాదు, మండుచున్న నిప్పునకు మొదలే రాదు. గణకయంత్ర మీ పరిభాషను మనకంటె నిష్ఠతోఁ బాలించుచున్నది. యూనికోడను నక్షరసంఖ్యాక్రమమున రేఫమునకు నొక సంఖ్య, శకటరేఫమునకు మఱియొకటి, అరసున్నకు వేఱొకటి యేర్పడియున్నవి. యంత్రమునకు ర ఱ ల నడుమ నున్న దూరము, క ల ల నడుమ నున్న దూరము సమానమే. దానిని మనము మూఢమని దూఱుట తగదు. అది వైయాకరణుఁడు చెప్పినట్లు నడచుచున్నది.

అయితే యా సూత్రముననే పాణిని యొక మినహాయింపును జెప్పెను. శాస్త్రసంజ్ఞలకు నీ నియమము లేదు. ‘ఘు’ యనినచో ఘకారోకారములు గ్రాహ్యములు గావు. ఆ సంజ్ఞ గల దా ధా రూపములగు ధాతువులు గ్రాహ్యములు. సంజ్ఞ తన రూపమును విడిచి సంజ్ఞులను జూపును. గ్రంథాలయసూచి యందలి శీర్షిక యిట్టి సంజ్ఞ కావలెనని నా పక్షము. గుఱ్ఱముకొండ యని శీర్షిక వ్రాసినపు డది తన యక్షరములను మాత్రమే గాక, యా యూరికిఁ గల సమస్తనామరూపములను జూపవలెను. శబ్దమును శబ్దముగాఁ జూచుట యంత్రము పని. శబ్దమును సంజ్ఞగాఁ జేయుట గ్రంథభాండాగారి పని. ఈ రెండవపని యంత్రము రాకతోఁ దీఱిపోయినదని యధికారులు తలంచుటయే యిప్పటి చిక్కు.

తార్కికులు లక్షణమునకు మూఁడు దోషములు చెప్పుదురు. మన సూచులయందు మూఁడును గలవు.

మొదటిది యవ్యాప్తి. గుఱ్ఱముకొండ కథ యిదివఱకే చెప్పితిని. ‘భారతము’ అని వెదకినవానికి ‘భారతం’ అను పేరుతో నెక్కింపఁబడినది దొరకకపోవచ్చును. పేళ్ల మొదటి యక్షరము ననుసరించి కూర్చిన పట్టికలో ‘ఆంధ్ర’ యని చూచువానికి ‘శ్రీమదాంధ్ర’ యని యారంభించునది కనఁబడదు. అది శకారమున దాఁగియున్నది. మన పూర్వుల గ్రంథములలో శ్రీకారముతో మొదలుకానిది యరుదు. సంధి విడఁదీసి పదచ్ఛేదము చేయువాఁడు లేనిచో సగము సారస్వత మొక్క యక్షరముక్రింద సమాధియగును.

రెండవది యతివ్యాప్తి. ఈ బాధ నెఱిఁగి కొందఱు యంత్రశిల్పులు వెదకునపుడు ర ఱ ల భేదమును, అరసున్నను పాటింపకుండునట్లు చేయుచున్నారు. అప్పుడు సంవత్సరమగు ‘ఏఁడు’ను, సంఖ్యయగు ‘ఏడు’ను గలసివచ్చును. ‘వాఁడు’ సర్వనామమును, ‘వాడు’ క్రియయు నొక్కటియగును. పండితులు కొందఱు దీనిఁ జూచి కోపింతురు. నేను గోపింపను. అక్కఱలేనిది వచ్చినచోఁ జదువరి చూచి త్రోసివేయును. రానిదానిని రాలేదని తెలిసికొను నుపాయ మతనికి లేదు. కావున సూచియం దవ్యాప్తికంటె నతివ్యాప్తియే మేలు. ఇది లక్షణకర్తల మతమునకు విరుద్ధముగాఁ దోఁచినను సూచికర్తల కిదియే ధర్మము.

మూఁడవది యసంభవము. ఛాయాప్రతినుండి యక్షరములను జదివి యెత్తివ్రాయు యంత్రములు నేఁడు కలవు. క్రొత్తముద్రణములను జక్కఁగనే చదువుచున్నవి. పాతముద్రణములలో వలపలగిలక యుండును. అది తెలుఁగున తొమ్మిదియంకెను బోలియుండుటచే, ధర్మశబ్దము నడుమ తొమ్మిది చేరుటయుఁ గలదు. ధర్మమున తొమ్మిది చేరిన పిమ్మట నా పుటను ధర్మమను మాటతో నెవఁడును గనుఁగొనలేఁడు. ఇంతకంటె విపరీతము మఱియొకటి. ప్రశ్నకు వాక్యములతో సమాధానము చెప్పు క్రొత్తయంత్రములు, పర్యాయపదములఁ గొంత గ్రహించుచున్నను, ఒక్కొక్కప్పుడు లేని గ్రంథమునకుఁ బేరును, కర్తను, సంవత్సరమును గల్పించి నిస్సంకోచముగాఁ జెప్పుచున్నవి. పుస్తకము లేదని చెప్పఁగల ధైర్యము భాండాగారికే యున్నది. అది తన యఱల నెఱిఁగినవాని ధైర్యము.

కర్తృనామముల విషయ మింకను గజిబిజి. పాశ్చాత్యులకు వంశనామము చివర నుండును. మనకు నింటిపేరు మొదట నుండును. చివరి మాటనే వంశనామముగా గ్రహించు పద్ధతి మనవారిపై వచ్చిపడినచో, వేదము వేంకటరాయశాస్త్రిగారు ‘శాస్త్రి’ యను శీర్షికక్రిందఁ జేరుదురు. ఆంధ్రదేశమందలి శాస్త్రులందఱు నొక్క కుటుంబమగుదురు. ఆ ‘శాస్త్రి’ శబ్దమైనను రోమనులిపిలో నొక్కతీరున లేదు. రంగనాథన్‌గారు మదరాసు విశ్వవిద్యాలయ గ్రంథభాండాగారియై, 1931 లో గ్రంథాలయశాస్త్రమునకు సూత్రపంచకము రచించి, నాలుగవసూత్రమునఁ జదువరి కాలమును వ్యర్థపఱుపరాదని విధించిరి. ఒక కర్తకుఁ బదిరూపములు గల పట్టికయెదుటఁ జదువరి కాలమేమగునో చెప్పఁబనిలేదు.

మఱల మా యూరి ప్రస్తావమునకు వత్తును. ఆ బాలునకుఁ గావలసిన గ్రంథములలో ముఖ్యమైనది గ్రిబిల్ దొర 1875 లో వెలువరించిన కడపమండల చరిత్రము. బాలుఁడు ‘చిత్తూరు’ అని వెదకెను. తన తాతలనాఁటినుండి గుఱ్ఱముకొండ చిత్తూరు మండలమని యతఁడు వినియున్నాఁడు. చిత్తూరు మండలమో, 1911 లో నేర్పడినది. అంతకుమున్ను చిత్తూరుపట్టణ ముత్తరార్కాటు మండలమున నుండెను. మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడపమండలమున నుండినవి. కావునఁ జిత్తూరు పేరు పట్టుకొని పోవువాఁ డుత్తరార్కాటు చరిత్రమునఁ దేలును, అందు మా కోటకుఁ జోటులేదు. 2022 లో నన్నమయ్య మండల మేర్పడి మఱియొక పొర చేరినది. వాయల్పాటికి వాల్మీకిపురమని నామాంతరము. ఈ సంగతులు తెలిసిన భాండాగారి యొక్క నిమిషములో ‘కడప చూడుము’ అనును. యంత్రమున కెవఁడైన ముందుగాఁ జెప్పియుండినఁ గాని యది యనఁజాలదు.

ఈ ‘చూడుము’ అను మాటయే పూర్వపు సూచీపత్రములకుఁ బ్రాణము. ఒక గ్రంథాలయమున యంత్రము వచ్చిన పిదపఁ బాతపత్రములను దూకమునకు నమ్మివేసిరి. వానిలో ముప్పదియేండ్లు పనిచేసిన యొక భాండాగారి తన చేతివ్రాఁతతో నీ నామాంతరములు, ఈ మార్గసూచనలు వ్రాసియుంచెను. యంత్రములోని కెక్కించినవారు గ్రంథనామమును, కర్తను, వెలను, సంఖ్యను మాత్రమెక్కించిరి; పత్రమున కింతయని కూలి యేర్పఱచుకొన్నవారు తక్కిన దేల వ్రాయుదురు? నేను బోవునప్పటికి ఖాళీయఱలు మాత్రము మిగిలియుండెను. ఆ దినమునఁ గలిగిన దుఃఖ మిప్పటికిని దీఱలేదు.

ఇచ్చట నొక యాక్షేపము వచ్చును. గ్రామగ్రంథాలయములలో నొక్కఁడే యుద్యోగి. తలుపు తీయుట, పత్రికలు పఱచుట, పుస్తకములిచ్చి పుచ్చుకొనుట వానికే చాలదా, యీ పాండిత్యమెక్కడిది యని. ఆక్షేపము న్యాయమే. 1914 లో బెజవాడయందు సభచేసి యాంధ్రదేశ గ్రంథాలయసంఘమును నెలకొల్పినవారు జీతమెఱుఁగక ఊరూరఁ దిరిగిరి. 1960 నాఁటి శాసనమువలన గ్రంథాలయములకు నింటిపన్నుతోఁబాటు సుంకమును, ఉద్యోగులకు స్థిరత్వమును గలిగినవి. కాని యంత్ర మిచ్చిపుచ్చుకొను లెక్కలను దాను జూచుకొన్నప్పుడు మిగిలిన కాల మెవరి పాలయ్యెను? ఉద్యోగుల సంఖ్యఁ దగ్గించుట కది కారణముగాఁ జూపఁబడుచున్నదేగాని, సూచిని సంస్కరించుటకుఁ గేటాయింపఁబడుట లేదు. ఈ’శ్రమవినియోగమునే నేను బ్రశ్నించుచున్నాను. సాధనముల కొఱతయుఁ గానరాదు. న్యూజిలాండులోని యొక గ్రంథాలయమువారి కొఱకుఁ బుట్టి 2000 నుండి నడచుచున్న కోహా యను సూచీయంత్రాంగ మెవరైన మూల్యము లేక వాడుకొనవచ్చును. కోహా యనఁగా మావొరీభాషలోఁ గానుక. అందు నొక నామమునకు ననేకరూపములను ముడివేయు వసతి యున్నది. ముడివేయు చేతులే లేవు.

ఈ పని మనకుఁ గ్రొత్తది గాదు. కడపలో బ్రౌనుదొర తన యింట జూలూరి అప్పయ్య మొదలగు పండితులను జేర్చి, ప్రతికిఁ బ్రతిని సరిపోల్చి పాఠములు నిర్ణయింపించెను. ఒకఁడు వ్రాసినదానిని మఱియొకఁడు చూడనిదే యది నిలువరాదను న్యాయము నాఁటిది. నేఁడు తెలుఁగు వికీసోర్సున నిదియే న్యాయము నడచుచున్నది: యంత్రము చదివిన పుట నొకఁడు దిద్దును, వేఱొకఁడు చూచి యామోదించును, అప్పుడు గాని పుట పరిపూర్ణమైనట్లు గుఱుతు పడదు. తెలుఁగు వికీపీడియాలోఁ గొంద ఱా రోమనుపేళ్ల గ్రంథములను దెఱచి, తెలుఁగులిపిలోఁ బట్టికలు గూర్చిరి. వారిలో జీతము గొనక పనిచేసినవారే యధికులు. వారి వ్రాఁత వ్యావహారికము, నాది గ్రాంథికము. ఆ కలహ మిచ్చట నక్కఱలేదు. గ్రాంథికము వ్రాయువారే పాతముద్రణముల నుద్ధరింపక కూర్చుండఁగా వారు పూనుకొనిరి గదా యని నాకు సిగ్గు గలిగెను.

పాఠశాలా పండితులకు నా విన్నపము. శకటరేఫమును, అరసున్నను గుర్తించి చదువఁగలవారు నేఁడు మనలోఁ గొందఱే యున్నారు. మనతో నా యెఱుక పోయినచోఁ, బాతపుస్తకములు తెరపై నుండియు లేనివగును. మీ యూరి పేరునకు, మీ మండలపు గ్రంథకర్తల పేళ్లకుఁ గల రూపములను వ్రాసి సమీపగ్రంథాలయమున కిండు. పుచ్చుకొనువాఁడు లేఁడందురా? మా యొద్ద మొదట లేఁడు. మూఁడవమాఱు పోఁగా నుండెను.

నేను వ్రాసియిచ్చిన పట్టిక మొదటిపుట యిట్లున్నది. శీర్షిక: గుఱ్ఱముకొండ. రూపాంతరములు: గుర్రంకొండ, గుర్రముకొండ, గుఱ్ఱంకొండ, దొరల వ్రాఁతలలో గుర్రమ్‌కొండా, గుర్రుంకొండ, గూరమ్‌కొండ మున్నగునవి. 1911 కు ముందు: కడప చూడుము. తాలూకా: వాయల్పాడు, వాల్మీకిపురము గూడఁ జూడుము. ఆ విద్యార్థియే దీనిని యంత్రమున కెక్కించెను. అరసున్న యేమీటఁ గలదో యతఁడు నాకుఁ జూపెను. ఎచ్చట నుండవలెనో నే నతనికిఁ జూపితిని. రెండవపుట మదనపల్లెతో మొదలగును, ఇంకను బూర్తికాలేదు.